రుబ్బురోలే బడి: రాయి పుట్టని డెల్టాలో రాతిపని

గోదావరి డెల్టాలో ధవళేశ్వరం దాటి కిందికి వెళ్లాక ఎక్కడ పలుగు దించినా రాయి తగలదు. ఒండ్రు, బంకమట్టి, ఇసుక, మళ్లీ బంకమట్టి. కోనసీమలో గులకరాయి కనిపించినా అది ఎవరో తెచ్చి పోసిందే అయి ఉంటుంది. అయినా డెల్టాలో రాయి లేని ఊరు లేదు. కాలువ రేవుకు మెట్లున్నాయి, చాకిరేవుకు బండ ఉంది, పశువుల చావిడిలో కుడితి తొట్టి, గుడికి గడప, వంటింట్లో సన్నికల్లు. ఇవన్నీ పడవ మీదో ఎడ్లబండి మీదో పైనుంచి దిగొచ్చినవే. వాటి వెనకాలే రాయి కొట్టడం తెలిసిన కుటుంబాలూ వచ్చి స్థిరపడ్డాయి. విగ్రహాలూ స్తంభాలూ చెక్కే కాసెపనివాళ్లు, బండలు చీల్చి పునాదులకూ మెట్లకూ కొట్టే వడ్డెర్లు, నునుపెక్కిన రోళ్లకు కక్కు కొట్టుకుంటూ, అంటే ఉలితో గంట్లు పెట్టుకుంటూ, ఊరూరూ తిరిగేవాళ్లు. చూసేవాళ్లకు అంతా ఒకటే అనిపించినా ఈ మూడూ మూడు రకాల పనులు.

ఈ పని తండ్రి నుంచి కొడుక్కి అందడం ఎందుకు ఆగిందంటే సాధారణంగా వచ్చే జవాబు, యంత్రాలొచ్చాయి, పిల్లలు చదువుల్లో పడ్డారు అని. అది సగం నిజం. గుళ్లు కడుతూనే ఉన్నారు, విగ్రహాలకు గిరాకీ తగ్గలేదు, చేయి తిరిగిన శిల్పికి పని వెతుక్కోవాల్సిన అవసరం లేదు. కొరత వచ్చింది పైమెట్టు దగ్గర కాదు, కింది మెట్టు దగ్గర. కుర్రాడు చెడగొట్టినా పెద్దగా నష్టం లేని పని, రోజూ వందల దెబ్బలు వేసే పని ఒకటి ఉండేది. రుబ్బురోలూ తిరగలీ మూలపడ్డాక ఆ పని పోయింది.

ముందు రాయి సంగతి. డెల్టా తల దగ్గర, రాజమహేంద్రవరం చుట్టుపక్కల దొరికేది ఎర్రటి ఇసుకరాయి. మెత్తన, సులువుగా తెగుతుంది, నీళ్లు పీల్చుకుంటుంది. కాతేరులోనూ, అవతలి గట్టున పంగిడి దగ్గరా ఉన్నది నల్లరాయి. పాతకాలపు లావా గడ్డకట్టి ఏర్పడింది. గట్టితనంలో దానికి వంక పెట్టలేం కానీ దగ్గర దగ్గరగా బీటలుంటాయి కాబట్టి పొడవాటి దిమ్మె రావడం కష్టం. అందుకే అది ఎక్కువగా కంకరకీ రోడ్లకీ పోతుంది. కొండల వైపు వెళితే ఖొండలైటు. కోణార్క గుడికి వాడిన రాయి ఈ జాతిదే. కొత్తగా తీసినప్పుడు ఉలికి బాగా లొంగుతుంది, కానీ వానకు నానుతూ ఎండకు ఎండుతూ ఉంటే అందులోని ఎర్రటి గింజలు రాలి ఒళ్లంతా మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. రోలుకీ స్తంభానికీ పనికొచ్చే గట్టి గ్రానైటు మరింత దూరం నుంచి రావాలి. ఇంటి గచ్చుకు పరిచే నాపరాయి మాచర్ల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నుంచి వస్తుంది.

1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ఆ చోటే ఎంచుకోవడానికి ఒక కారణం పక్కనే రాతికొండ ఉండటం. నదిలో ఇసుక తప్ప గట్టి అడుగు లేదు. ఇసుకలోకి బావులు దింపి వాటి మీద కట్టడం లేపారు. అడుగు దొరకని ఇసుకలో పునాది నిలపడం కావేరి మీది పాత ఆనకట్ట కట్టినవాళ్ల నుంచి నేర్చుకున్నామని ఈ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ తరవాత ఒప్పుకున్నాడు. ఆనకట్టతో పాటు వచ్చిన కాలువలు రాయికి దారి అయ్యాయి. బండి మీద కొద్ది దిమ్మెలే కదిలే చోట పడవ మీద ఎన్నో రెట్లు కదిలాయి. ఊరూరా రాతి రేవులు రావడానికి వీలు కుదిరింది అక్కడే.

అరుదైన సరుకును ఎవరూ పారేయరు. డెల్టా రాతిపనిలో పొదుపు అలవాటుగా మారడానికి మూలం ఇదే. ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 కిలోలు తూగుతుంది. ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న ఒక్క రేవు మెట్టు రెండున్నర ఘనపుటడుగులు, అంటే 187 కిలోల చిల్లర. నలుగురి మోత. అంత బరువును అంత దూరం నుంచి తెచ్చాక పెచ్చు లేచిందని పక్కన పడేస్తే ఆ పూట కూలి గిట్టదు. అందుకే విరిగిన మెట్టు గడప అవుతుంది, అరిగిన గడప నూతి దగ్గర బండవుతుంది, పగిలిన తిరగలి రాయి తులసికోట కిందికి చేరుతుంది. పాత ఇల్లు పడగొడుతున్నారంటే రాతిపనివాళ్లు ముందు చూసేది గుమ్మాల కింది రాళ్లనే.

రాయిని ఎంచడం చేత్తో కాదు, చెవితో మొదలవుతుంది. దిమ్మెను రెండు చిన్న రాళ్ల మీద ఎత్తిపెట్టి సుత్తితో తేలిగ్గా తడితే మంచి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే చప్పుడు మొద్దుగా, పగిలిన కుండలా వస్తుంది. నేల మీద ఆనించి కొడితే మంచి రాయి కూడా మొద్దుగానే పలుకుతుంది. కొత్తవాళ్లు తప్పుచేసేది ఇక్కడే. రెండో పరీక్ష నీళ్లు. రాయిని పూర్తిగా తడిపి ఆరనిస్తే, అంతా ఆరాక కూడా సన్నని నల్లటి గీత మిగిలితే అది బీట. శిల్పశాస్త్రంలో పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అనే విభజన ఉంది. మొదటిది విగ్రహానికి, రెండోది పీఠానికి, మూడోది పీఠం కిందికి. దాన్నీ నాదాన్ని బట్టే చెబుతారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, నిలువెత్తు విగ్రహానికి బీటలేని రాయి పడేలా చూసే పద్ధతి అందులో దాగుంది.

తరవాత రాయి వాటం. చాలా రాళ్లు ఒక దిక్కుకు సులువుగా చీలుతాయి, ఇంకో దిక్కుకు మొరాయిస్తాయి. గ్రానైటు దిమ్మెను చీల్చడానికి గీత గీసి, మూడు నాలుగు అంగుళాలకొకటి చొప్పున రెండు మూడంగుళాల లోతు తొలులు (చిన్న రంధ్రాలు) వేసి, వాటిలో ఇనప చీలలు దిగ్గొడతారు. ఒక్కో చీల మీద ఒక్కో దెబ్బ, వరసగా, మళ్లీ మొదటి నుంచి. చీల లోపలికి దిగేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. ఆ తరవాత కొట్టడం ఆపి కాసేపు వదిలేయాలి. రాయి తనంతట తానే తెరుచుకుంటుంది. ఓపిక పట్టక ఒకే చీలను బలంగా కొడితే పగులు గీత వదిలి పక్కకు పరుగెత్తుతుంది. ఇసుకరాయి, నాపరాయి లాంటి పొరల రాళ్లకు ఇంకో నియమం ఉంది. గనిలో పొరలు ఎలా పడుకుని ఉన్నాయో గోడలోనూ అలాగే పడుకోవాలి. పొరల్ని నిలబెట్టి కడితే కొన్నేళ్లకు పుస్తకం పేజీల్లా ముఖం ఊడొస్తుంది.

ఇక నేర్పే వరస. ఈ కుటుంబాల్లో కుర్రాడి చేతికి మొదట ఉలి ఇవ్వరు, కొలిమి తిత్తి ఇస్తారు. గ్రానైటు మీద ఉలి మొన గంటల్లో మొద్దుబారిపోతుంది. ఒక మనిషి పనికి పది పదిహేను ఉలులు కావాలి, సాయంత్రం అన్నిటికీ మళ్లీ మొన తీయాలి. మొన కాల్చి సాగగొట్టడం సులువే. నీరు పట్టించడం దగ్గరే అసలు విద్య ఉంది. చివర రెండంగుళాలు చెర్రీపండు ఎరుపు తేలేదాకా కాల్చి, మొన అర అంగుళం మాత్రమే నీళ్లలో ముంచి తీస్తారు. మసి రాలేలా ఇటుక ముక్క మీద గబుక్కున రుద్దితే తెల్లటి ఉక్కు కనపడుతుంది. వెనక మిగిలిన వేడి మొన వైపు పాకుతూ రంగులు తెస్తుంది: ముందు ఎండుగడ్డి పసుపు, తరవాత గోధుమ, ఊదా, చివరికి నీలం. గట్టిరాయి ఉలికి పసుపు గోధుమలోకి తిరిగే చోట మొత్తం నీళ్లలో ముంచేయాలి. తొందరపడి ముందే ముంచితే మొన గాజులా పెట్లిపోతుంది. నీలం దాకా ఆగితే మొన మెత్తబడి మడత పడుతుంది. ఈ రంగులు ఎండలో కనపడవు, అందుకే కొలిమి ఎప్పుడూ నీడలోనో పొద్దువాలాకో. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టదు. దీనికి కొలతలతో పాఠం చెప్పడం కష్టం, పక్కన కూర్చుని వందసార్లు చూడాల్సిందే.

కొలిమి తరవాత కక్కు. కొన్నిచోట్ల గంట్లు పెట్టడం అంటారు. రుబ్బురోలు వాడేకొద్దీ గుంట నునుపెక్కుతుంది, పప్పు నలగక జారుతుంది. డెల్టాలో వరి కోసిన మాగాణిలో మినుము, పెసర పండుతాయి. అట్లకు రుబ్బడం, సున్నుండలకు విసరడం అన్నీ రాతి మీదే సాగిన రోజుల్లో ప్రతి ఇంటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు కక్కు కావలసి వచ్చేది. పని చూడటానికి చిన్నదే. రోలు కడిగి ఆరాక, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పి చూస్తే నునుపెక్కిన చోటు అద్దంలా మెరుస్తుంది. కొట్టాల్సింది ఆ మెరుపునే. ఉలి దాదాపు నిలువుగా పట్టి, తేలిక సుత్తితో, గంటుకు ఒకే దెబ్బ. అడుగు నుంచి మొదలెట్టి వలయాలుగా పైకి. లోతు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. గంటుకూ గంటుకూ మధ్య చిటికెన వేలి మందంలో సగం. అంతకన్నా లోతు పోతే పిండి గంటులో ఇరుక్కుని కడిగినా పోదు, మర్నాటికి పులుస్తుంది. తక్కువైతే నెల తిరక్కుండానే అరిగిపోతుంది. ఒకే చోట రెండు దెబ్బలు పడితే గంట్ల మధ్య గోడ విరిగి పెచ్చు లేస్తుంది. రోలు అంచు దగ్గర ఉలి ఎప్పుడూ లోపలి వైపుకే వాలాలి, బయటికి వాలితే అంచు ఊడొస్తుంది. గుంటలో తిప్పే రాయి, అంటే పొత్రానికీ ఇదే పద్ధతి. చివర్న తవుడో నూకలో వేసి రెండు మూడుసార్లు రుబ్బి పారబోస్తారు. మూడోసారి రుబ్బినది చిటికెడు నాలుక మీద వేసుకుని పంటికింద నలిపి చూస్తారు. కరకర వినపడితే ఇంకోసారి.

నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి బడి లేదు. ఒక రోలుకు కొన్ని వందల దెబ్బలు, అన్నీ ఒకే బలంతో పడాలి, చెయ్యి తనకు తానే కుదురుతుంది. తప్పు జరిగినా అర మిల్లీమీటరు తప్పు, నాలుగు వారాల రుబ్బుడుకు అదే సర్దుకుంటుంది. పైగా పరీక్ష పెట్టేది ఇంటావిడ. మర్నాడు ఇడ్లీలో ఇసుక తగిలితే మొహమాటం లేకుండా పిలిచి చెబుతుంది. శిల్పి దగ్గర నేరుగా చేరిన కుర్రాడికి ఇన్ని దెబ్బలు, ఇంత త్వరగా తీర్పు దొరకవు. విగ్రహం మీద ఒక్క తప్పు దెబ్బకు ముక్కు పోతుంది, అందుకని ఏళ్ల తరబడి వాడి చేత రాళ్లు మోయించడం తప్ప ఏమీ చేయించరు.

కక్కు కుదిరాక కొత్త రోలు. ఒకటిన్నర అడుగుల చదరం, అడుగు ఎత్తు దిమ్మె అంటే 170 కిలోల దాకా ఉంటుంది. గుంట నోరు పదంగుళాలు, లోతు ఆరంగుళాలు. ఇక్కడ చెడేది గుంటలో కాదు, పొత్రంలో. పొత్రం అడుగు వంపు గుంట వంపుకు సరిగ్గా సరిపోతే చూడ్డానికి బాగుంటుంది కానీ తిప్పితే కరుచుకుపోతుంది, పిండి కదలదు. పొత్రం వంపు కాస్త ఎక్కువ ఉండి అడుగునా ఒక పక్కా మాత్రమే తగలాలి. మరీ సన్నమైతే పప్పు పక్కకు తప్పుకుంటుంది. రెండూ ఒకే రాయివి కావాలి. పొత్రం మెత్తని రాయిదైతే అట్టులో రాయి తింటున్నట్టే.

తిరగలికి లెక్క వేరు. కింది రాయి నడుమ కొంచెం ఉబ్బు, పైరాయి అడుగున కొంచెం పల్లం. నోటి దగ్గర సందు ఎక్కువ ఉండి అంచుకు వచ్చేకొద్దీ తగ్గాలి. గింజ ముందు విరిగి, తరవాత నలిగి, పిండై బయటికి రాలుతుంది. రెండూ బల్లపరుపుగా ఉంటే గింజ నడుమే చిక్కుకుంటుంది, పిండి వేడెక్కి వాసన వస్తుంది. నడిమి మేకుకు పైన చిన్న గుడ్డపేలిక చుట్టి పైరాయిని ఎత్తితే పప్పు బద్దలు, తీసేస్తే పిండి. ఇంత తేలికైన అమరికకు మించింది మిక్సీలో లేదు, వేగం తప్ప.

ఆ తరవాతి మెట్టు చదునైన ముఖం తీయడం. దిమ్మె ఒక అంచున అంగుళం వెడల్పు పట్టె చదును చేస్తారు. ఎదురు అంచున ఇంకో పట్టె. రెండు పట్టెల మీదా సమానమైన రెండు కర్రబద్దలు నిలిపి ఒక బద్ద మీదుగా రెండోదాన్ని చూస్తే మెలిక ఉందో లేదో తెలిసిపోతుంది. మెలిక పోయాక మిగతా రెండు అంచులు కలిపి, అప్పుడు నడుమ కొట్టుకుంటూ రావాలి. చివర బద్దకు జాజు పూసి ముఖం మీద జరిపితే ఎత్తు ఉన్నచోటే ఎరుపు అంటుకుంటుంది. నడుమ నుంచి మొదలుపెట్టినవాడు ఎంత కొట్టినా ఎక్కడో ఒకచోట పల్లం తెచ్చుకుంటాడు, దాన్ని సరిచేయడానికి మొత్తం ముఖం దించాలి.

రేవు మెట్ల పని డెల్టాకు ప్రత్యేకం, దానికి ఋతువూ ప్రత్యేకమే. వేసవిలో కాలువలు కట్టేశాక తొలకరికి మళ్లీ వదిలేదాకా ఉన్న ఆ కొన్ని వారాలే పనికి వ్యవధి. మెట్లు కుంగడానికి కారణం బరువు అనుకుంటారు, కాదు. నీరు నిండుగా ఉన్నన్నాళ్లూ గట్టు నానుతుంది. కాలువ కట్టేయగానే నీటిమట్టం వేగంగా దిగుతుంది, గట్టులోని నీరు మెట్ల సందుల్లోంచి బయటికొస్తూ మెత్తటి మట్టిని వెంట తెస్తుంది. ఏటేటా ఇలా జరిగి మెట్టు వెనక బొరియ పడుతుంది, ఒకనాడు కాలు పెట్టగానే మెట్టు ఊగుతుంది. పాతవాళ్లు మెట్ల వెనక ఇసుక, దాని ముందు చిన్న కంకర, తరవాత పెద్దరాయి వేసి, సందులు పూర్తిగా మూయకుండా వదిలేవారు. నీరు రావాలి, మట్టి రాకూడదు. ఇప్పుడు సిమెంటుతో సందులన్నీ మూస్తున్నారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. గట్టులోని నీరు పోయే దారిలేక కొన్నేళ్లలో మెట్లన్నీ కలిపి ముందుకు తోసేస్తుంది. ప్రతి మెట్టూ కాలువ వైపు అడుగుకు పావంగుళం వాలాలి, పైన సన్నని గంట్లుండాలి. పాచి పట్టే చోట పాలిష్ చేసిన గ్రానైటు వేయడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు, అయినా కొత్త రేవుల్లో అదే కనిపిస్తుంది.

నేర్చుకోవడంలో ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చినవాడికే గుడి పని. చాళుక్య భీముడి కాలం, అంటే 9వ శతాబ్దం చివరా 10వ శతాబ్దం మొదట్లోనూ, ద్రాక్షారామం, సామర్లకోటలో లేచిన రెండంతస్తుల భీమేశ్వరాలయాలు, బిక్కవోలు గుళ్లు ఈ నేలమీద రాతిపని ఎంత దూరం వెళ్లిందో చూపిస్తాయి. అలాంటి పాత కట్టడాలకు మరమ్మతులో వచ్చే చిక్కులు రెండు. ఒకటి, సందుల్లో సిమెంటు. అది మెత్తని రాయికన్నా గట్టిగా ఉండి చెమ్మను ఆపుతుంది. చెమ్మ రాయిలోంచే ఆరాల్సి వస్తుంది, దాంతో పాటు వచ్చిన ఉప్పు రాయి ఒంట్లో గడ్డకట్టి ముఖాన్ని పొడి చేస్తుంది. గుల్లసున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగ పట్టిన సున్నమైతే తానే ముందు అరిగి రాయిని కాపాడుతుంది. రెండోది, రాళ్ల మధ్య ఇనప కడ్డీలు. సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బుతాయి, లోపల్నుంచి రాయిని పగలగొడతాయి. రాగివో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి.

పాతరాయి పక్కన కొత్తరాయి పెట్టాలంటే ఉలి గుర్తులు కలవాలి. యంత్రంతో కోసిన ముఖం పక్కన చేతి ముఖం అతుకులా కనపడుతుంది. చేత్తో ముఖం తీయగలవాళ్లు కావాలి, ఆ చేతులు తయారయ్యే చోటు మూతపడింది. కార్బైడు మొన ఉలులొచ్చాక కొలిమి కూడా పోయింది. అవి చాలా రోజులు పదును నిలుపుతాయి, సందేహం లేదు, కానీ పక్కదెబ్బ తగిలితే మొన ముక్కలవుతుంది, దాన్ని బాగుచేయడం ఊళ్లో ఎవరికీ రాదు. కోతయంత్రం తెచ్చిన పెద్ద కీడు దుమ్ము. గ్రానైటులో పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పలుగురాయి ఉంటుంది. ఉలి దెబ్బకు అది ఎక్కువగా ముక్కలుగా రాలుతుంది, పొడిగా కోసే యంత్రం దాన్ని ఊపిరితిత్తుల లోతుకు పోయేంత సన్నగా చేస్తుంది. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు సిలికోసిస్, వస్తే నయం కాదు. నీళ్లు పోస్తూ కోయడం, మంచి మాస్కు కట్టడం తప్పనిసరి. మూతికి చుట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు. పాతవాళ్లు చేతిపనిలోనే గాలివాటు చూసుకుని, గాలి పక్కనుంచి పోయేలా కూర్చునేవారు.

రోటి పచ్చడి మోజుతో ఈమధ్య చిన్న రోళ్లు మళ్లీ అమ్ముడుపోతున్నాయి. వాటిలో చాలావాటికి గుంట యంత్రంతో తిప్పి తీసిందే. నునుపు, పచ్చిమిరపకాయ వేస్తే నలగకుండా గుంటంతా తిరుగుతుంది. కొన్నవాళ్లు రాయి మంచిది కాదనుకుని మూలపడేస్తారు. రాయికేం లోపం లేదు, కక్కు లేదు అంతే. వెట్ గ్రైండరు రాళ్లదీ అదే కథ. పిండికి పట్టే సేపు పెరుగుతూ పోతే మోటారు బలహీనపడిందని షాపుకు తీసుకెళతారు, నిజానికి చాలాసార్లు నునుపెక్కింది రాళ్లే. రోలుకైతే అరగంట పని: మెరిసే చోట వరసగా గంట్లు, తవుడుతో మూడు వాయిలు, పంటికింద ఒకసారి పరీక్ష. కక్కు కొడతామని వీధిలో కేక వేస్తూ వెళ్లే మనిషి మాత్రం ఇప్పుడు ఎప్పుడొస్తాడో చెప్పలేం.